మాగాయ సీసాల్లో ఆకుపచ్చ బూజు

నా చిన్నప్పుడు నాకు అసహ్యం కలిగించని వస్తువులు మా ఇంట్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. పాల మీద మీగడ చూస్తే కడుపులో తిప్పేది. చేపలు కడిగిన నీళ్లు పెరట్లో పారబోస్తే ఆ పూటంతా అటువైపు వెళ్లేదాన్ని కాదు. ఇక వానాకాలం చాపలకు పట్టే బూజు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వాసన తగిలితే అన్నం సహించేది కాదు.

పసితనంలో వచ్చిన జ్వరానికి నా ఎడమ కాలు సన్నబడిపోయింది. బడికి వెళ్లాలంటే దుంగల వంతెనల మీద రెండు కాలవలు దాటాలి. నావల్ల కాదు. అందుకని మా నాన్నే నాకు మాస్టారు. ముక్తేశ్వరం దగ్గర ఒక బడిలో పగలంతా పాఠాలు చెప్పి వచ్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ నాకోసం పలక పట్టుకునేవారు. ఆయన ఓపికకు దేవుణ్ని ఇప్పటికీ స్తుతిస్తాను. వసారా పక్కన ఏడేళ్ల కొబ్బరి మొక్క ఒకటి ఉండేది. దాని మట్టలు ఇంకా నేలకు దగ్గరగానే ఉండేవి. ఆ నీడలో పీట వేసుకుని కూర్చునేదాన్ని. అదే నా బడి. పగలంతా ఇల్లు కదలని పిల్లకు ఇల్లే లోకం కదా. ఆ లోకాన్ని ఊడ్చి, కడిగి, సర్ది ఉంచడమే భక్తి అనుకునేదాన్ని. మురికి ఉన్నచోటికి దేవుడు రాడని నాకెవరు చెప్పారో గుర్తులేదు. నేనే కల్పించుకున్నానేమో.

మా నాన్నమ్మ వయసులో ఉండగా ఒక మోతుబరిగారి పొలంలో కూలికి వెళ్లేది. ఆవిడా మా తాతయ్యా కడుపు కట్టుకుని కొన్న పదిహేను సెంట్ల దొడ్డి మా వంశంలో మొట్టమొదటి సొంత నేల. అందులో తాతయ్య, నా బడి చెట్టుతో కలిపి, పదకొండు కొబ్బరి మొక్కలు నాటాడు. వాటి కాయ రుచి చూడకుండానే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ చెట్లు కాపుకొస్తే తన కష్టానికి అర్థం ఉన్నట్టని నాన్నమ్మ నమ్మకం. నాలాంటి కాలున్న పిల్లకు రేపు ఒక ఆధారం ఉంటుందని కూడా అనుకునేదట. ఆ మాట నాకు పెద్దయ్యాకే తెలిసింది.

కాపుకొచ్చే వయసులోనే వాటిని కొమ్ము పురుగు పట్టింది. నల్లగా, బొటనవేలంత, ముక్కు మీద చిన్న కొమ్ముతో ఉంటుంది. చెట్టు తలలోకి తొలుచుకుపోయి ఇంకా విచ్చుకోని లేత ఆకును తింటుంది. తర్వాత ఆ ఆకు విచ్చుకునేసరికి చిన్నపిల్లలు కాగితాన్ని కత్తెరతో కత్తిరించినట్టు కోతలు పడి ఉంటుంది. మొవ్వు దాకా తొలిచిందంటే మొవ్వు కుళ్లిపోతుంది, చెట్టు చచ్చిపోతుంది. అప్పటికే రెండు పోయాయి. నాన్నమ్మ పొద్దున్నే నిచ్చెన వేసుకుని, ఇనుప కొక్కెంతో ఒక్కో పురుగునూ గుచ్చి బయటికి లాగేది. దాని వెంట నమిలి ఊసినట్టున్న పిప్పి వచ్చేది. నేను కళ్లు మూసుకునేదాన్ని.

మా పక్కింటి అక్క అమలాపురం కాలేజీలో బి.యస్సీ. చదువుతుండేది. మా పేటలో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి ఆడపిల్ల ఆవిడే. ఒకరోజు మా దొడ్లోకి వచ్చి, పార తీసుకుని, చెట్ల వైపు కాకుండా పెంటగోతి వైపు నడిచింది. పేడ, పొయ్యిలో బూడిద, కుళ్లిన ఆకు, అన్నీ పడేసే గొయ్యి అది. రెండు పారలు తవ్వేసరికి తెల్లటి పురుగులు బయటపడ్డాయి. ఒక్కోటి నా గుప్పిటంత. గోధుమరంగు తల, చర్మం కింద నల్లగా కనిపించే పేగు, ఉంగరంలా చుట్టుకుపోయిన ఒళ్లు. నేను వసారాలో నుంచే డోకుకున్నాను.

"మీరు చెట్టుమీద పురుగునే చూస్తన్నారు గానండి మామ్మగారూ, దాని పిల్లలన్నీ ఇక్కడే ఉన్నాయండి, ఆయ్" అంది అక్క.

"ఓసి నా తల్లో! అయితే ఇన్నాళ్లూ పేడేసి నేనే మేపుతున్నానన్నమాట" అంది నాన్నమ్మ.

అక్క చెప్పిన ఉపాయం విని మా అమ్మ చేతిలో గరిటె కిందపెట్టేసింది. ఒక ఆకుపచ్చ బూజు ఉందట. మనుషుల జోలికి రాదట. పశువుల జోలికీ రాదట. ఈ పురుగు ఒంటిమీద పడితే మాత్రం లోపలికి మొలిచి దాన్ని చంపుతుందట. చచ్చిన పురుగు మీద మళ్లీ బూజు కాసి పక్క పురుగుకి అంటుకుంటుందట. అక్క వాళ్ల మాస్టారు ఒక గాజుగొట్టంలో కాస్త విత్తనం ఇచ్చారు. దాన్ని పెంచాలంటే ఖరీదైన మందులు కావాలని పుస్తకాల్లో ఉందట. అక్క మాత్రం మా ఊళ్లో ఉన్నదేంటా అని చూసింది. కొబ్బరి ఎండబెట్టే కొట్టు దగ్గర కాయలు కొట్టిన నీళ్లు కడవలకొద్దీ రోజూ కాలవలో కలిసిపోయేవి. ఆ నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, అందులో బూజు వేస్తే పెరుగుతుందేమో చూద్దామంది. ఎవరూ అడగని నీళ్లు, ఎవరూ ముట్టని బూజు. రెండింటినీ కలపాలన్న ఆలోచన ఒక మనిషి బుర్రలో పుట్టడం ఎంత గొప్ప సంగతో అప్పుడు నాకు తెలియలేదు. నాకు తెలిసిందల్లా కంపు.

వాళ్ల అమ్మ తన వంటింట్లో బూజు పెంచనివ్వనని అక్కను గెంటేసింది. మా నాన్నమ్మ రమ్మంది. సీసాలు కావాలంటే మా అమ్మ మాగాయ పెట్టుకునే మూతి పెద్ద గాజు సీసాలు ఆరు నాన్నమ్మే తీసి ఇచ్చేసింది.

"ఇంక వాటిల్లో మాగాయ పెడితే ఎవరు తింటారండీ అత్తయ్యగారూ?" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

"నేను తింటాలే. మీరంతా పచ్చిమిరపకాయ నంజుకోండి."

సీసాల మూతులకు దూది కుక్కి వాటిని ముందుగదిలో నాన్నమ్మ నులకమంచం కింద పెట్టారు. మొదట తెల్లగా మీగడలాంటి పొర కట్టింది. మీగడంటేనే నాకు పడదని చెప్పాను కదా. ఆ పొర మీద తర్వాత ఆకుపచ్చ చుక్కలు లేచాయి. అవి పాకి పాకి ఒకటై, పాడుబడ్డ చెరువు మీద నాచులా సీసా అంతా కమ్మాయి. అక్క రోజూ వచ్చి నేలమీద బోర్లా పడుకుని వాటిని చూసేది. ఆవిడ మా ఇంట్లో మంచినీళ్లు తాగిన గ్లాసును నేను రెండుసార్లు తోమేదాన్ని. ఆవిడ చూస్తుండగానే తోమేదాన్ని.

ఆరింటిలో ఒక సీసా మాత్రం చెడింది. దాన్ని చూసి వెళ్లిన రోజున అక్క, కాలేజీ ఆఖరు పరీక్ష రాసొచ్చి పారబోస్తానంది. ఈలోగా అది పొంగి, నురగ కట్టి, కల్లు వాసన కొట్టడం మొదలెట్టింది. ఆ వాసన ఎంతటిదో బయటివాళ్లకు తెలియదు. మా పేటలో కల్లు మానేసిన ఇల్లంటే ఒక గౌరవం. మా తాతయ్య బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి మా గుమ్మంలోకి కల్లు రాలేదని పదిమందీ చెప్పుకునేవారు. ఆ శనివారం మా ఇంట్లో ప్రార్థనకు గృహకూడిక. పాస్టరమ్మగారు, సంఘం ఆడవాళ్లు అంతా వచ్చి ఆ ముందుగదిలోనే, ఆ మంచం పక్కనే చాప మీద కూర్చుంటారు. వాళ్ల ముక్కులకు కల్లు వాసన తగిలితే? నాన్న పరువు ఏమవుతుంది?

ఆ మధ్యాహ్నం అమ్మ కాలవకు వెళ్లింది. నాన్నమ్మ దొడ్లో ఉంది. నేను మంచం కిందికి దూరి సీసాలు ఒక్కోటీ బయటికి లాగాను. చెడింది ఏదో, మంచిది ఏదో చూడలేదు. నా కంటికి అన్నీ ఒకటే. తువ్వాలు ముక్కుకి చుట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, ఆరూ పెరటి తూములో వంపేశాను. ఆ పొరలు తోలుముక్కల్లా జారిపడ్డాయి. అంతటితో ఆగానా? పొయ్యి మీద కాగుతున్న నీళ్లు తెచ్చి సీసాల నిండా, తూములో, పోశాను. బూడిదతో తోమాను. ఆరు సీసాలూ తళతళలాడుతుంటే ఎండలో బోర్లించి, దేవుని పని చేశాననుకున్నాను.

కూడిక బాగా జరిగింది. ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో అని పాస్టరమ్మగారు నా తల నిమిరారు. అందరూ వెళ్లాక అక్క వచ్చింది. ఎండలో ఉన్న సీసాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వేడినీళ్లు కూడా పోసేవా అమ్మలూ?" అని అడిగింది, మెల్లగా.

నేను గర్వంగా తలూపాను.

అక్క ఒక సీసా తీసి, లోపలికి చూసి, మళ్లీ బోర్లించింది. చిన్నపిల్ల, పోనీలెండి మామ్మగారూ అని వెళ్లిపోయింది. గాజుగొట్టంలో విత్తనమంతా అంతకుముందే ఆ సీసాల్లో వేసేసింది. కాలేజీకి సెలవులిచ్చేశారు. వాళ్ల మాస్టారు ఊరెళ్లారు.

నాన్నమ్మ కూడా ఆ సాయంత్రం నన్ను తిట్టలేదు. మర్నాడు ఆదివారం, గుడిలో ఆరాధన అయ్యాక వచ్చి, గుడి చీర మార్చుకోకుండానే పెరటి గుమ్మం బయట మట్టిలో కూర్చుంది. చెంబుతో నీళ్లు తెమ్మంది. నేను గ్లాసు కూడా తెచ్చాను.

"గ్లాసొద్దు" అని రెండు చేతులూ దోసిలి పట్టి నోటి దగ్గర పెట్టుకుంది. "గుమ్మంలోనే నుంచో. అక్కడ్నించి పొయ్యి. ఇంకా ఎత్తునుంచి పొయ్యాలి. చెంబు నా చేతికి తగలకూడదు."

ఆటేమో అనుకుని పోశాను. నీళ్లు ఆవిడ ముక్కు మీద, గడ్డం మీద, తెల్ల చీర మీద పడ్డాయి.

"మొహం అటు తిప్పు. నన్ను చూడకు. ముక్కు కొంచెం ఎగరెయ్యి. ఆ, అలాగ. వచ్చేసింది. నీకు నేర్పక్కర్లేదే!"

ఆవిడ నవ్వుతోందనుకున్నాను. చూస్తే నవ్వడం లేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా అలాగే తాగింది. అప్పుడు చెప్పింది. మోతుబరిగారింట పాతికేళ్లు ఆవిడ నీళ్లు తాగింది అలాగేనట. ఎండలో నాట్లు వేసి వచ్చి పెరట్లో కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలు గుమ్మంలో నుంచుని పోసేదట.

"చెడ్డ మనిషేం కాదే. పండక్కి చీరిచ్చేది, పురుడొస్తే బియ్యం పంపింది. మొహమే అలా పెట్టేది. నేనేదో కుళ్లిపోయినదాన్నైనట్టు. ఆ మొహం నేను చచ్చినా మర్చిపోను. మొన్న ఆ పిల్ల గ్లాసు నువ్వు తోముతుంటే, నా ఇంట్లో, నా మనవరాలికి అదే మొహం ఉంది."

నాకు ఏడుపు వచ్చింది. బూజంటే నిజంగానే అసహ్యం నాన్నమ్మా, నేనేం చెయ్యను అన్నాను.

"అసయ్యం వేస్తే వెయ్యనీ. నాకూ కడుపులో తిప్పుద్ది. అది మన చేతిలో ఉందా? మొహం తిప్పకుండా ఒక్కసారి చూడు. చూసేక కూడా పనికిరాదనిపిస్తే అప్పుడు పారబోద్దువుగాని."

ఆ మాటతో నాలో ఏదో మారిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రోజు నామీద నాకు కలిగిన రోత మాత్రం నిజం. అంతకుముందు నా రోతంతా బయటి వస్తువుల మీదే ఉండేది.

మళ్లీ విత్తనం దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో వసారా పక్క చెట్టుకు, నా బడి చెట్టుకు, కొత్త ఆకు వాలిపోయింది. నాన్నమ్మ నిచ్చెనెక్కి లాగితే మొవ్వు మొత్తం చేతిలోకి ఊడి వచ్చింది. లోపల గుజ్జు కుళ్లి, గోధుమరంగు జిగురు కారుతోంది. ఆ కంపు నేను ఎరిగిన కంపులన్నిటినీ మించింది. చచ్చిన ఎలుకా, పులిసిన గంజీ కలిసినట్టు ఉంటుంది. రెండు రోజులు ఇంట్లో నిండిపోయింది. నేను పారబోసిన ఆరు సీసాల్లో ఏదీ అంత కంపు కొట్టలేదు. నాన్నమ్మ ఆ మొవ్వును నా కళ్లముందు పెట్టలేదు, నీవల్లే అనలేదు. నేనే వెళ్లి చూశాను. ముఖం తిప్పకుండా చూసిన మొదటి వస్తువు అదే.

రెండోసారి పని నేను అడిగి తీసుకున్నాను. కుంటుకుంటూ కొబ్బరికొట్టు దాకా వెళ్లి బిందెతో నీళ్లు పట్టించుకునేదాన్ని. అమ్మ బిందె మోసుకొచ్చేది. అక్క మరగబెట్టేది. రోజూ పొద్దున్నే సీసాల్లో ఏం మారిందో నాన్న ఇచ్చిన కాగితాల మీద రాయడం నా వంతు. ముక్కు మూసుకుని రాసేదాన్ని. తెల్లపొర మీద మొదటి ఆకుపచ్చ చుక్క ఏ సీసాలో ఏ మూల లేచిందో రాసిన రోజున మాత్రం, ఎందుకో, మూసిన ముక్కు వదిలేశాను.

ఆ పొరలు నీళ్లలో కలిపి గోతిలో చల్లాం. నెల దాటాక అక్క తవ్వింది. పురుగులు ఉన్నాయి. కానీ కదల్లేదు. సుద్దముక్కల్లా బిగుసుకుపోయి, కొన్ని తెల్లగా, కొన్ని ఆకుపచ్చ పిండి పూసినట్టు ఉన్నాయి. ఒకదాన్ని అక్క నా అరచేతిలో పెట్టింది. చల్లగా, గట్టిగా, తేలిగ్గా ఉంది. నా ఒళ్లంతా జలదరించింది. చెయ్యి మాత్రం వెనక్కి తియ్యలేదు. అలాగే కుంటుకుంటూ తీసుకెళ్లి నాన్నమ్మకు చూపించాను. ఆవిడ దాన్ని చూసి, మిగిలిన ఎనిమిది చెట్లనూ చూసి, "స్తోత్రం తండ్రీ" అంది.

పురుగు ఒక్కసారిగా మాయమవలేదు. ఆ తర్వాత కూడా నాన్నమ్మ కొక్కెం పట్టింది. కానీ ఆ ఎనిమిదీ నిలిచాయి. మొదటి దింపులో కోసిన కాయలు కృతజ్ఞతార్పణగా గుడికి తీసుకెళ్లేముందు, ఒక కాయ పక్కింటికి వెళ్లింది. ఆ నీళ్లు గ్లాసులో పోసి అక్కకు నేనే ఇచ్చాను. గ్లాసు ఒకసారే తోమాను. నాకు వయసొచ్చాక, నాన్న కాలం చేశాక, ఆ ఎనిమిది చెట్ల కాయతోనే మా ఇల్లు నడిచింది. నేను చెయ్యి చాచకుండా బతికానంటే అందులో ఆ బూజుకూ వాటా ఉంది. ప్రార్థనలో దాని పేరు ఎత్తడానికి నాకు సిగ్గు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఫోన్లో రేపటి లోకం ఇలా ఉంటుందంటూ నాకు చూపిస్తుంటారు. అద్దాల మేడలు, తమంతట తామే నడిచే కార్లు, మనిషిలా మాట్లాడే యంత్రాలు. ఎక్కడా ఒక ఈగ వాలదు. ఒక చెమట చుక్క ఉండదు. అంత శుభ్రం చూస్తే నాకు తెల్లగా తళతళలాడిన ఆ ఆరు సీసాలు గుర్తొచ్చి వెగటు పుడుతుంది. మనుషులకు రేపు తిండీ నీళ్లూ సరిపోవాలంటే ఎవరో ఒకరు మురుగు దగ్గర, చెత్త దగ్గర, బూజు దగ్గర కూర్చుని ఆలోచించాలి. వాళ్ల మీద మనం ముక్కు ఎగరేస్తామా లేదా అన్నది కూడా ఆ రేపటిని నిర్ణయిస్తుందని నాకనిపిస్తుంది. నేను కాలేజీ గడప ఎరగనిదాన్ని, తప్పైతే మన్నించండి.

ఈమధ్య, ఆ తర్వాత పుట్టిన మా చెల్లెలి మనవరాలు ఆలమూరు నుంచి వచ్చింది. వ్యవసాయం చదివింది. చేతిలో మూత పెట్టిన ప్లాస్టిక్ తొట్టె. ఆ వేళకు వసారాలో సంఘం ఆడవాళ్లం నలుగురం కూర్చుని ఉన్నాం. మూత తీసింది. లోపల వేలకొద్దీ పురుగులు, ఒకదానిమీద ఒకటి, ఉడుకుతున్న గంజిలా కదులుతున్నాయి. పెళ్లిళ్లలో మిగిలిపోయిన అన్నం, సంతలో కుళ్లిన కూరగాయలు వీటికి పెడితే తిని బలుస్తాయట. తర్వాత చేపల చెరువులకు మేత అవుతాయట. చెరువుల మేతలో కలపడానికి సముద్రంలో చేపను ఊడ్చెయ్యక్కర్లేదట. వీటినే పెంచి బతుకుతానంటోంది.

"అయ్యబాబోయ్, మూసెయ్యే! బంగారంలాంటి చదువు చదివి ఈ పాడుపనేంటే నీకు?" అంది ఒకావిడ, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ. మిగిలినవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. మూత మీదకు చెయ్యి వెళ్లింది.

నిజం చెప్పొద్దూ, నాకూ గొంతుదాకా వచ్చింది. ఇన్నేళ్లైనా నా ముక్కు నా మాట వినదు. కర్ర ఆనించుకుని లేచి, తొట్టె పక్కన పీట వేసుకుని కూర్చుని లోపలికి చూశాను. ఇవి ఎన్నాళ్లకు ఎదుగుతాయే అమ్మా అని అడిగాను. ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ గొంతు ఎండి దగ్గింది.

లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను. గ్లాసు కింద పెట్టలేదు, చేతికి అందించాను. ఆ పిల్ల వేళ్లు నా వేళ్లకు తగిలాయి. వాటికి పురుగుల వాసన ఉంది. నీళ్లు తాగడం అయ్యేదాకా నేను ముఖం తిప్పుకోలేదు.